శ్రుతి తప్పని గిటారు

నా ఎలక్ట్రిక్ గిటారుకు తనంతట తానే శ్రుతి నిలబెట్టుకునే బ్రిడ్జి, అంటే తీగల చివర్లు పట్టుకునే లోహపు దిమ్మ, ఉంది. ఒకసారి సరిచేసి పెడితే లోపలి స్ప్రింగులు తీగను అక్కడే పట్టి ఉంచుతాయి. నరసరావుపేట ఎండకు కూడా కదలదని నెల రోజులుగా చర్చిలో అందరి దగ్గరా డబ్బా కొట్టుకుంటున్నాను.

ఈ ఉదయం ఆరాధనలో మొదటి పాటకే అపస్వరం వినిపించింది. నేను ఆలోచించనైనా లేదు. మైకులోనే, "పెద్దమ్మా, మీ హార్మోనియం శ్రుతి పోయింది, కాసేపు ఆపండి" అన్నాను. ఏళ్ల తరబడి మాకు వాయిస్తున్న రిటైర్డ్ టీచర్ సారమ్మ పెద్దమ్మ పెట్టె మూసింది.

రెండో పాటకు నా గిటారు ఒక్కటే మోగింది. అపస్వరం ఇంకా బాగా వినిపించింది. చూసుకుంటే, నిన్న కొత్త తీగలు వేసినప్పుడు రెండో తీగను నేనే పొరపాటున కాస్త తగ్గించి పెట్టాను. బ్రిడ్జి ఆ తప్పునే నమ్మకంగా పట్టుకుని కూర్చుంది.

ఆరాధన అయ్యాక తల వంచుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

"నీ రెండో తీగ దిగిందని మొదట్లోనే తెలిసిందిలే అయ్యా" అంది.

"మరి చెప్పలేదేంది పెద్దమ్మా?"

"మైకు నీ కాడుంది గదా."

వచ్చే ఆదివారం అదే మైకులో క్షమాపణ చెప్పుకోవాలి. మొదటి మాట ఏమనాలో మీరైనా చెప్పండి.