అత్త మూయించిన సందు

మా అత్త పోయింది. పోయిన నెల ఒక మంగళవారం డయాలసిస్‌కి వెళ్ళిన మనిషి ఆ మంచం మీద నుంచి మళ్ళీ లేవలేదు. మా ఆయన ఫోన్ చేసి "అమ్మ ఎల్లిపోనాదే" అని ఒక్క మాటే అన్నాడు. నాకు ఏడుపు కూడా వెంటనే రాలేదు. తీసుకెళ్ళడం, తీసుకురావడం, మళ్ళీ తీసుకెళ్ళడం. ఇంట్లో అందరం అప్పటికే అలిసిపోయి ఉన్నాం. అందరికంటే ఎక్కువ అలిసిపోయింది ఆవిడే.

మాది ఉద్దానం. జీడితోటలు, కొబ్బరితోటలు, ఇంటింటా కిడ్నీ జబ్బు. మావయ్య కూడా అదే జబ్బుతో ముందే పోయాడు. మా నూతి నీళ్ళు పరీక్షలకని సీసాల్లో పట్టుకెళ్ళినవాళ్ళు ఎందరో. నీళ్ళన్నారు, మట్టన్నారు, మందులన్నారు. ఇదీ కారణమని మా గుమ్మంలోకి వచ్చి చెప్పినవాళ్ళు మాత్రం లేరు.

అత్త రోజంతా కొలిచిన నీళ్ళతోనే గడపాలి. చిన్న స్టీలు గ్లాసు పక్కన పెట్టుకుని, పెదాలు తడుపుకుని మూత పెట్టేసేది. కోళ్ళ చిప్పలో మాత్రం పొర్లిపోయేలా పోసేది. "నాకెలాగూ నేదు, మీరేనా తాగండే" అనేది వాటితో.

కిందటి వానాకాలంలో ఆ కోళ్ళు చావడం మొదలైంది. ఆసుపత్రి నుంచి వచ్చి గూడు తెరిస్తే ఒకటో రెండో మెడ కొరికేసి పడి ఉండేవి. చంపిందేదో గానీ మాంసం ముట్టేది కాదు. ఇది పక్కింటి చినమావ కుక్క పనే అన్నాడు మా ఆయన. చినమావ అత్తకి సొంత మరిది. "నా కుక్క అలాటిది కాదురా" అని ఆయన, "మరెవుడు సంపినాడు?" అని ఈయన, గోడ మీదుగా కేకలేసుకుని మాటలు మానేశారు. చినమావ కుక్కని గొలుసుతో కట్టేశాడు. అయినా మా ఆయన కోపం తగ్గలేదు. ఒకరోజు గుళికల మందు పొట్లం తెచ్చి చూరులో దోపుతుంటే అత్త చూసింది.

"ఏట్రా అది?"

"అన్నంలో కలిపి కుక్కకెట్టేస్తాను."

అత్త చెయ్యి చాపి పొట్లం తీసుకుంది. "మనుషుల్నేటి సంపుతన్నాదో ఎవులూ సెప్పలేకపోనారు. కోళ్ళనేటి సంపుతన్నాదో నాను సూస్తాను. అందాకా ఆ కుక్క జోలికెల్లకు" అంది. పొట్లాన్ని నాచేత కొట్టుకి తిరిగి పంపించేసింది.

మర్నాటి నుంచి గూడు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. కూర్చుంటే లేవలేదు, లేస్తే నిలబడలేదు. ఎండ జరిగినకొద్దీ పీట జరపమనేది.

"కోడలా, మనం ఆస్పత్రికెల్లిన రోజులే సస్తన్నాయి, సూసినావా?"

నిజమే. ఇంట్లో ఉన్న రోజుల్లో కోళ్ళు పెరడంతా తిరిగేవి. ఆసుపత్రి రోజున మాత్రం, కాపలా ఎవరూ ఉండరని గూట్లో పెట్టి తాళం వేసి వెళ్ళేవాళ్ళం. తిరిగొచ్చేసరికి తాళం వేసింది వేసినట్టే ఉండేది.

"తాళమేసిన గూట్లోకి కుక్కెలాగొస్తాదే?"

తరవాతిసారి వెళ్ళే ముందు గూడు చుట్టూ జల్లించిన బూడిద చల్లించింది. డయాలసిస్ నుంచి వస్తే చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద పడిపోయే మనిషి, ఆ రోజు నా భుజం పట్టుకుని తిన్నగా పెరట్లోకి నడిచింది. ఇంకో పెట్ట చచ్చి ఉంది. బూడిదలో గోళ్ళ గుర్తులతో సన్నటి అడుగులు, పిల్లి అడుగుల కంటే చిన్నవి, గూడు వెనక్కి వెళ్ళాయి. అక్కడ గడ్డి తొలగిస్తే కింది ఇటుకకీ గూటి ఇనప వలకీ మధ్య మూడు వేళ్ళు పట్టే సందు.

ఆ తరవాతి ప్రయాణానికి నన్ను ఇంట్లో ఉండిపొమ్మంది. కోళ్ళని బయటికి వదిలి, ఖాళీ గూడుకి తాళం వేశాను. మిట్టమధ్యాహ్నం కొబ్బరి డొక్కల కుప్పలోంచి ముంగిస వచ్చింది. కోళ్ళు గోలగా అరుస్తూ గోడెక్కేశాయి. అది అలవాటైన దారిలా ఆ సందులోంచి గూట్లోకి దూరి, ఏమీ దొరక్క బయటికొచ్చింది.

ఫోన్ చేస్తే మా ఆయన అత్త చెవి దగ్గర పెట్టాడు.

"ముంగిసా!" అంది. "కోళ్ళు పారిపోడానికి దారి నేకండా మనవే గూట్లో మూసెట్టి ఇచ్చినాం దానికి."

"పట్టించమంటావా అత్తా?"

"దాన్నేటీ సెయ్యకు. దాని గుణమది. సందు మూసీమను."

ఆ సాయంత్రం గోడ పట్టుకుని నిలబడి, "మరిదీ, నీ కుక్క తప్పేటీ నేదు. గొలుసు ఇప్పీ" అని చెప్పింది. చినమావ వెళ్ళి గొలుసు విప్పాడు. తెల్లారి తాపీ, మిగిలిపోయిన సిమెంటు పట్టుకుని వచ్చాడు. మా ఆయన ఇసక కలిపాడు. "నీళ్ళెక్కువైనాయిరా" అని చినమావ, "కొంచెం ఇసకేస్తానుండు" అని మా ఆయన, అలా మాటలు కలిశాయి. మొన్న పాడె ముందు కొమ్ము పట్టింది చినమావే.

ఆ తరవాత కోళ్ళు చావలేదు. అత్త మాత్రం ఆ చలికాలం దాటాక బాగా నీరసించిపోయింది. మంగళవారం తెల్లారితే ఇప్పటికీ గబగబా లేచి, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంటున్నాను.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ సిమెంటు పెట్టిన పొద్దు. వాళ్ళు పూసింది చాలక అత్త కింద చతికిలబడి, మూలలో తన వేలితో సిమెంటు నొక్కింది. పని అయ్యాక గోడకి చేరబడిపోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చి కుడి చెయ్యి కడుగుతుంటే, సూదులు గుచ్చే ఎడమ చెయ్యి నా మోకాలి మీద పెట్టి కళ్ళు మూసుకుంది. వేళ్ళ సందుల్లోని సిమెంటు కరిగి బూడిదరంగు నీళ్ళు పోతున్నాయి. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ఉబ్బించిన ఆ చేతి నరం, నా మోకాలికి తగిలేలా, గుర్రుమని అదురుతూనే ఉంది.