అమ్మ ఎట్ల నడుస్తాది

పాపకు రెండున్నరేళ్లు. నెల రోజులుగా కుడి మడమ నేలకు ఆనించకుండా నడుస్తోంది. నా కాలూ అంతే. పుట్టినప్పటి నుంచీ నాకు సెరిబ్రల్ పాల్సీ. అది తల్లి నుంచి బిడ్డకు రాదని కాలేజీలో ఉన్నప్పుడే చదివాను. అయినా మైదుకూరు నుంచి కడప దాకా బస్సులో పాప మడమ పట్టుకునే కూర్చున్నాను. పక్కన మా అత్త, పాపకు జేజి.

పిల్లల డాక్టరు పాప కాళ్లు వంచి చూసి, కిందికి దించారు. "జేజి ఎట్ల నడుస్తాది? చూపీ."

పాప చేతులు వెనక్కి కట్టుకుని, పొట్ట ముందుకు పెట్టి, రెండు మడమలూ నేలకు కొడుతూ గదంతా తిరిగింది.

"అచ్చం నా మాదిరే, దొంగది," అని అత్త నవ్వింది.

"మరి అమ్మ?" అన్నారు డాక్టరు.

మడమ లేచింది. మోకాళ్లు లోపలికి వంగాయి. కుడి చెయ్యి మడిచి రొమ్ముకు ఆనించుకుని, ఊగుతూ నడిచింది.

"పాపకు ఏమీ లేదమ్మా. మిమ్మల్ని చూసి నేర్చుకుంది."

ఆ మాట కోసమే వచ్చాను. కానీ నా చూపు పాప చేతి మీదే ఉంది. "నా చెయ్యి అట్లా ఉండదు. నాకు కాలొక్కటే," అన్నాను.

అత్త కొంగు సర్దుకుంది. "ఉంటాదిమ్మే. పోయిన ఎండాకాలం నుంచి చూస్తాండా. బాధపడతావని చెప్పలే."

ఇది పెరిగే జబ్బు కాదని చిన్నప్పటి నుంచి విన్నాను. నాన్న ఆ మాట చెప్పే నా పెళ్లి చేశాడు. డాక్టరును అడిగితే, "మెదడులో దెబ్బ పెరగదు. వయసు పెరుగుతుంది కదా," అన్నారు. ముప్ఫై ఒకటి ఏమంత వయసు? కాన్పు వల్లా? పాపను ఎత్తుకోవడం వల్లా? ఆయన పిల్లలనే చూస్తారట. పెద్దయ్యాక ఈ జబ్బును ఎవరు చూస్తారో ఆయనకూ సరిగా తెలియదు. కర్నూలులో అడిగి చూడమన్నారు.

బస్టాండులో అత్త, "కొన్నాళ్లు దాని ముందర నడవాకు," అంది. కూర్చుంటే నా కాలు ఇంకా బిగుసుకుంటుంది. నడిస్తే పాప చూస్తుంది. ఏది తప్పో ఇప్పటికీ తేలలేదు.

మైదుకూరు బస్సు వచ్చింది. అత్త పాపను భుజాన వేసుకుని ముందు నడిచింది. కనపడకూడదని నేను వెనకబడ్డాను. భుజం మీది నుంచి పాప వెనక్కే చూస్తోంది. ఏ కాలు ముందు వేయాలో తెలియక నిలబడిపోయాను.

"బస్సు పోతాది, రామ్మే," అని అత్త పిలుస్తోంది.