గుంతల అంకుల్‌కు వేసిన దండ

ఇంగ్లండ్‌లో బ్రాక్‌నెల్‌కు కూతవేటు దూరంలో ఉన్న మా చిన్న ఊరికి ఘనతంటూ ఏమీ లేదు. అయినా కమ్యూనిటీ సెంటర్ వాళ్ళు "మన ఊరి ప్రముఖులు" అంటూ ఒక గోడను ఫోటోలతో నింపుదామనుకున్నారు. వెతగ్గా వెతగ్గా ఇద్దరు దొరికారు. ఒకాయన ఏదో సినిమాలో గుంపులో నిలబడి వెనక్కి తిరిగాడట. ఇంకొకావిడ తన కుక్కకు పాట నేర్పిందట, ఆ కుక్క మాత్రం ఇంతవరకూ ఎవరి ముందూ నోరు విప్పలేదు. మూడో ఫోటో మా గుంతల అంకుల్‌ది.

అంకుల్‌ది కడప. రిటైరైన సాఫ్ట్‌వేర్ మనిషి. వాకింగ్‌లో గుంత కనబడితే చాలు, కొలత తెలియడానికి ఒక బూటు విప్పి పక్కన పెట్టి, ఫోటో తీసి కౌన్సిల్‌కు పంపుతారు. పూడ్చేదాకా వాళ్ళ ప్రాణం తోడేస్తారు. మా కార్ల టైర్లు ఇన్నేళ్ళు బతికాయంటే ఆయన చలవే. అయినా మా తెలుగువాళ్ళలో ఒక్కరూ థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు. ఒంటి బూటుతో నిలబడ్డాడని నవ్వుకునేవాళ్ళం. ఆయనకేమో నలుగురిలో ఎవరైనా ఒక మంచి మాట అంటే వినాలని ఆశ. ఫోటో పెడుతున్నారని తెలియగానే కొత్త సూటు కొనుక్కున్నారు. "నా గురించి యెవురన్నా మాట్లాడతారంటావామ్మా?" అని నన్ను మాటిమాటికీ అడిగేవారు.

శనివారం ఫోటోలు పెట్టి, మేయర్ చేత సన్మానం కూడా చేయిస్తామన్నారు. సన్మానమన్నాక దండ ఉండొద్దూ? బంతిపూల దండ తెప్పించాం. జ్యోతి ప్రజ్వలన కూడా అనుకున్నాం గానీ, నిప్పు వెలిగిస్తే ఫైర్ అలారం మోగుతుందంటే బ్యాటరీ దీపంతో సరిపెట్టుకున్నాం. తీరా ఆ శనివారం అంకుల్ రాలేదు. రీడింగ్ అనే ఊళ్ళో ఉన్న కూతురింటి నుంచి ఆంటీతో వస్తూ దారిలో ఇరుక్కుపోయారు. గుంత పూడ్చడానికి రోడ్డు మూసేశారట. కంప్లైంట్ ఎవరిదో వేరే చెప్పాలా!

మేయర్‌కు ఇంకో చోట కేకుల పోటీ ఉంది, ఆలస్యమవుతోంది. చేతిలో దండ ఉంది, వేయడానికి మెడ లేదు. పాపం, మర్యాదస్తుడు. అటూ ఇటూ చూసి దాన్ని అంకుల్ ఫోటోకు వేశాడు. కుక్క ఆవిడ ముచ్చటపడి బ్యాటరీ దీపం తెచ్చి ఫోటో కింద పెట్టింది. తెల్లవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. "అయ్యో రామా" అంటూ నేను లేచేలోపే మాలో ఒక మహానుభావుడు దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేశాడు.

ఇక చూడండి! ఫంక్షన్‌కు రాని బద్ధకస్తులంతా మేలుకున్నారు. "ఓం శాంతి." "మొన్ననే కదండీ బూటు విప్పుతుంటే చూశాను, ఏం మనిషండీ!" నార్తాంప్టన్ నుంచి ఒకాయన, జన్మలో అంకుల్‌ను చూడనివాడు, తీరని లోటన్నాడు. ఒకావిడ మాత్రం ఇలా రాసింది: "మా అమ్మకు గుండెనొప్పి వచ్చిన రోజు అంబులెన్స్ కుదుపు లేకుండా పోయింది. ఆ రోడ్డు ఆయన బాగు చేయించిందే. ఒక్కసారైనా చెప్పలేకపోయాను." మనిషి బతికే ఉన్నాడని తెలిసి కూడా నాకు ఏడుపొచ్చింది. "ఉన్నారు మహాప్రభో, ట్రాఫిక్‌లో ఉన్నారు" అని టైపు చేశాను. ఎవరు చూస్తారు? దండం పెట్టే బొమ్మల కింద అది కొట్టుకుపోయింది.

అందరూ వెళ్ళిపోయాక వచ్చారు అంకుల్, ఆంటీ. ఆంటీ గోడ వైపు చూసి గుండెలు బాదుకుంది.

"గుండ్రాయి మాదిరి ఉండాడు మా ఆయన! దండేసి దీపం పెడతారా? మీ చేతులు పడిపోను! తీయండి ముందు!"

దండ తీద్దామని నేను కుర్చీ లాక్కున్నాను. అంకుల్ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్‌లో ఒక్కో మెసేజే చదువుతున్నారు. అంబులెన్స్ సంగతి దగ్గర ఆగి, మళ్ళీ మొదట్నుంచి చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఉండుమే," అన్నారు ఆంటీతో. "బతికే ఉండానని సాయంత్రం చెప్దాంలే. ఇంకా రాస్తాండారు."