భూదవ్వ మామిడిచెట్టు

ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎల్లారెడ్డిలో నేను బస్సు దిగేది భూదవ్వ వాకిట్లోని మామిడిచెట్టు కోసమే. దాని నీడలోనే ఆమె, కోడలు కళ్యాణి, వాడకట్టు ఆడవాళ్లు చాటలు ముందేసుకుని బీడీలు చుడతారు. చాటల్లో దుమ్ము పడుతోందని నిరుడు వాకిలంతా, చెట్టు మొదలు దాకా, సిమెంటు చేయించారు. ఈ వానకాలం నేను వెళ్లేసరికి ఆకులు పండుబారి రాలుతున్నాయి. ఆ నీడ పోతే రేకుల ఇంట్లో ఉడుకుతూ బీడీలు చుట్టాలి.

భూదవ్వ గొడ్డలి పట్టుకుని చెట్టు ముందు నిలబడింది. మొండికేసిన చెట్టును ఒకరు బెదిరించాలి, ఇంకొకరు అడ్డం పడాలి; అదీ ఆచారం. దూరదేశాల్లోనూ ఉందని ఎక్కడో చదివాను.

"నరుకుత నిన్ను."

"వద్దత్తమ్మా, బాగయితది, నాది పూచీ," అంది కళ్యాణి, బీడీకి దారం చుడుతూనే.

"జర మనసు పెట్టి బతిమాలు పిల్లా, చెట్టు వింటది."

అంటూనే బీడీలు చుట్టే తునికాకు నానబెట్టిన నీళ్లు చెట్టు మొదట్లో కుమ్మరించింది. అవి సిమెంటు మీద జారి నేరుగా మోరీలోకి పోయాయి. భూదవ్వ వాటి వెంటే చూసింది.

"నీళ్లందక దూపకు సస్తున్నదాన్ని పట్టుకొని బెదిరిస్తున్ననే," అని గొడ్డలి పక్కన పెట్టి గడ్డపార తెచ్చింది.

"సిమెంటు తరఫున ఎవలు బతిమాలాలె అత్తమ్మా?" అంది కళ్యాణి.

చెట్టు చుట్టూ సిమెంటు పగలగొట్టి, బయటపడ్డ మట్టి మీద తునికాకు కత్తిరింపులు పరిచారు. మొన్న దసరా దాటాక వెళితే కొమ్మలకు ఎర్రని చిగురు. కళ్యాణి నాకు చాప ఆ చెట్టు కిందే వేసింది.