ప్రయూన్ డైరీ ఏర్పాట్లు

మా పెచ్చబురి ఊరి బజారులో ప్రయూన్ అంత శ్రద్ధగా డైరీ రాయడానికి సిద్ధపడినవాడు ఇంకొకడు లేడు. ఒక్క ముక్క కూడా రాయనివాడూ ఇంకొకడు లేడు. పందిరి వేసి, మేళం పిలిచి, వంటలు దించి, పెళ్ళికూతుర్ని చూసుకోవడం మరిచిపోయిన మనిషి వరస అతనిది.

నీళ్ళ సరఫరా ఆఫీసులో ఉద్యోగం ముగిసిన రోజున తోటివాళ్ళు చందాలేసుకుని అతనికొక ఫోను కొనిచ్చారు. అందులో రాసుకునే యాప్ ఒకటుంది. రోజుకొక పేజీ తెరుచుకుంటుంది. పేజీకి ఏ రంగు కావాలంటే ఆ రంగు, ఎన్ని గళ్ళు కావాలంటే అన్ని గళ్ళు. అలాంటి వసతి ప్రయూన్ లాంటి మనిషి చేతికి ఇవ్వకూడదు. ఇచ్చినవాళ్ళు ఆఫీసులో చల్లగా కూర్చున్నారు. అవస్థ పడింది నేను.

నాది కొబ్బరిపాల పొంగణాల బండి. తెల్లారేసరికి పెనం వేడెక్కుతుంది, ప్రయూన్ వచ్చి ఎదురుగా పీట మీద కూర్చుంటాడు.

"సంలీ అక్కా, ఇవాళ్టి నుంచి నా బతుకంతా రోజూ రాసిపెడతాను."

"ఏముందయ్యా నీ బతుకులో రాయడానికి?"

"అదే కదా, రాస్తే తెలుస్తుంది."

"అయితే రాయి."

"ముందు ఏర్పాట్లు కావాలి."

ఆ ఏర్పాట్లు ఎలా ఉండేవంటే, రోజూ మనసు ఎలా ఉందో చెప్పడానికి పేజీ పైన ఒక ముఖం బొమ్మ ఉండాలట. నవ్వు ముఖం దొరికింది, ఏడుపు ముఖం దొరికింది. కోపం ముఖం మాత్రం ఎన్ని మార్చినా అతనికి నచ్చలేదు. ఒక పొద్దున పిండి ఒలకబోసిన కోడలి మీద నేను అరుస్తుంటే ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"అక్కా, కాస్త అలాగే ఉండు! కోపానికి నీ ముఖమే సరిపోతుంది."

ఆ రోజు అతనికి మాడిన పొంగణాలు పెట్టాను. తిని, "మాడినవి తిన్నాను అని రాసుకోవడానికి గడి లేదే" అని మళ్ళీ ఫోను మీద పడ్డాడు. తిండి గడితోనే ఒక వారం గడిచింది. మా ఊళ్ళో మనిషి ఎన్నిసార్లు తింటాడో లెక్క తేలితేగా గడి కట్టేది! పొద్దుట తిన్నది, పొద్దుటికి ముందు తిన్నది, పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య నోరు ఊరుకోక తిన్నది. చివరికి తిండి గళ్ళు పేజీ దాటి కిందికి జారిపోయాయి, నిద్ర గడికి చోటు లేకపోయింది.

"నిద్ర మానెయ్యి," అన్నాను.

"అలా కుదరదక్కా," అన్నాడు నిజంగానే ఆలోచించి.

నా కోడలు నోయ్‌నా ఫోన్ల కొట్టులో పనిచేస్తుంది. విసుగొచ్చి ఆమెనే పిలిచి, "వీడి డైరీ ఏదో తేల్చి పంపించవే" అన్నాను. నోయ్‌నా ఫోను తీసుకుని చూసి, పమిట లాంటి ఆ దుకాణం ఏప్రను నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

"మామయ్యా, మీరు సంవత్సరం మన బుద్ధ శకంలో కొట్టారు. ఈ యాప్‌కి విదేశీ లెక్క తప్ప తెలీదు, అది మన లెక్కకు ఐదు వందల ఏళ్ళకు పైగా వెనక. మీ డైరీ ఇంకా ఐదు వందల ఏళ్ళు దాటాక మొదలవుతుంది."

ప్రయూన్ ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు. "మంచిదే," అన్నాడు. "అప్పటికి ఏర్పాట్లు పూర్తవుతాయి."

బజారంతా అతన్ని చూసి నవ్వేది. నవ్వనిది ఒక్క లమాయ్. లమాయ్‌ది నా పక్కనే కాఫీ దుకాణం. వానలు మొదలైనప్పుడు ఆమె మొగుడు తోంగ్ పోయాడు. చావుకు జరగవలసినవన్నీ సక్రమంగా జరిగాయి, ఆ మర్నాటి నుంచి లమాయ్ పొయ్యి వెలిగించలేదు. పొద్దున్నే దుకాణానికి రావడం, షట్టర్ సగం ఎత్తి లోపల చీకట్లో కూర్చోవడం, ఎండ ఎక్కాక ఇంటికి పోవడం. ఎవరితోనూ మాట లేదు.

నేను చేయగలిగిందంతా చేశాను. కోడీ గుమ్మడికాయా వేసి పులుసు కాచి పట్టుకెళ్ళాను, గిన్నె అలాగే తిరిగొచ్చింది. ప్రేమగా చెప్పాను. నాకు ప్రేమగా చెప్పడం అంత బాగా రాదు కాబట్టి తిట్టాను కూడా. గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆమె అక్క కూతురు ఒరతై రయోంగ్ నుంచి వచ్చి చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"సంలీ పిన్నీ, ఇలా వదిలేస్తే లాభం లేదు. వానలు తగ్గి, భిక్షువులు గుడి కదలకుండా ఉండే వర్షావాసం ముగిసిన మర్నాడు వస్తాను, మా పిన్నిని తీసుకుపోతాను. దుకాణం బజారు కమిటీకి అప్పగించేస్తాను."

"ఆమెను అడిగావా?"

"అడిగాను. అవుననలేదు, కాదనలేదు."

అమ్మాయి మంచిదే. కానీ రయోంగ్‌లో వాళ్ళింట్లో మీట నొక్కితే యంత్రమే కాఫీ పోస్తుంది. అక్కడ లమాయ్ చేతులు ఏం చేస్తాయి? చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమైతే ఆమె ఇక్కడా చేస్తూనే ఉంది. అక్కడికి పోతే ఇక లేవదని నాకు తెలుసు.

ఇంత గొడవ నడుస్తుంటే ప్రయూన్‌కి రంగుల పిచ్చి పట్టింది. మాలో వారంలో ఒక్కో రోజుకు ఒక్కో రంగు ఆనవాయితీ, ఏ రోజు పేజీకి ఆ రోజు రంగు వేస్తాడట. పైగా అంత బజారుండగా పీట మోసుకెళ్ళి లమాయ్ సగం షట్టర్ ముందే వేసుకున్నాడు.

"అక్కడెందుకు? ఆమెను కాస్త ప్రశాంతంగా ఉండనీ," అన్నాను.

"ఇక్కడ ఫోనుకి సిగ్నల్ బాగుందక్కా."

కూర్చుని, గుడిలో పారాయణం చేసినట్టు గొంతెత్తి చదివాడు. "ఆదివారం ఎరుపు. సోమవారం పసుపు. మంగళవారం గులాబీ. బుధవారం ఆకుపచ్చ, పగలూ రాత్రీ ఆకుపచ్చే. ఆ, ఇదొకటి తేలిపోయింది!"

నా చేతిలో గరిటె జారబోయింది. మాలో పాలపళ్ళు ఊడని పిల్లలకు కూడా తెలుసు, బుధవారం రెండు ముక్కలని. పొద్దు గుంకితే ఆ రోజు రంగు వేరు, గుడిలో మొక్కే విగ్రహం వేరు. ఇంత వయసొచ్చి ఆ మాత్రం తెలియని మనిషి ఈ దేశంలో ఉన్నాడా అని నోరు తెరవబోయాను. నాకంటే ముందు షట్టర్ వెనక నుంచి మాట వచ్చింది. తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టుంది ఆ గొంతు.

"రాత్రి ఆకుపచ్చ కాదు."

"ఏమన్నావు చెల్లెమ్మా?" అన్నాడు ప్రయూన్, ఫోను మీంచి తల ఎత్తకుండా.

"బుధవారం రాత్రి బూడిద రంగు. రాహువుది."

"అబ్బే, అంతా ఒక్క రోజే కదా. మహా అయితే కాస్త ముదురు ఆకుపచ్చ."

"నేను పుట్టింది బుధవారం రాత్రి! నాకు చెప్తున్నావా నువ్వు?"

"ఏమో, నేను ఇంకెవరినైనా కూడా అడిగి చూస్తాను."

షట్టర్ కింద లమాయ్ చెప్పులు రెండూ నేల మీద టపటపలాడడం చూశాను. మంచి పులుసు చేయలేని పని ఒక మూర్ఖుడి మూర్ఖత్వం చేసిందే అనుకుని నాకు ఒళ్ళు మండింది. ఆ పులుసులో నేను వేసిన మిరియాలు అల్లాటప్పా మిరియాలు కాదు.

మర్నాడు అతను గురువారానికి గులాబీ వేశాడు. మంగళవారం ఎక్కడికి పోవాలిరా అని లోపల నుంచి కేక. ఆ తర్వాత పున్నమి పేజీని అమావాస్య పక్కన పెట్టాడు. అదీ దిద్దింది. అతను ప్రతిదానికీ "నాకెందుకో అలా అనిపించడం లేదు" అనేవాడు. ఆ ఒక్క మాటకే నాకైతే అట్లకాడ విసరాలనిపించేది, ఇక లమాయ్ సంగతి చెప్పాలా! షట్టర్ రోజుకు కాస్త పైకి లేస్తోంది, తిట్టడానికి గాలి ఆడాలిగా.

వర్షావాసం ముగియడానికి కాస్త ముందు అతను తాగే గడి దగ్గరికి వచ్చాడు. పేజీలో కాఫీ చేసే పద్ధతి కూడా రాసి ఉంచుకోవాలట, ముసలితనంలో పనికొస్తుందట. ఇప్పుడున్నది ఏ తనమో నేను అడగలేదు.

"గ్లాసులో ముందు కాఫీ పోయాలి," అని బిగ్గరగా చదువుకున్నాడు. "దాని పైన డబ్బాలోని తీపి గట్టిపాలు వెయ్యాలి."

షట్టర్ ధడేలుమని పైదాకా లేచింది. లమాయ్ వెలుగులోకి వచ్చింది, జుట్టు రేగిపోయి, కళ్ళు చిట్లించుకుని.

"గట్టిపాలు అడుగున! ముందు అడుగున! ఇన్నేళ్ళు నా దుకాణంలో కూర్చుని తాగి తాగి నేర్చుకున్నది ఇదా?"

"పైనేస్తే ఏమైందమ్మా? కడుపులోకి పోయాక అంతా ఒకటేగా."

లమాయ్ గిరుక్కున వెనక్కి తిరిగింది. లోపలికి పోయింది. గిన్నెల చప్పుడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. తోంగ్ పోయాక మొదటిసారి ఆ పొయ్యి అంటుకుంది. గుడ్డసంచిలో పొడి వేసి, వేడినీళ్ళు ఎత్తి ఎత్తి పోసి, గ్లాసు అడుగున తెల్లగా పాలు, పైన నల్లగా కాఫీ, రెండూ కలవకుండా తెచ్చి అతని ముందు పెట్టింది.

"తాగి చెప్పు."

ప్రయూన్ చప్పరించాడు. పెదవి విరిచాడు. "తేడా ఏమీ తెలియడం లేదే. రేపు రెండు రకాలూ చేసి పక్కపక్కన పెట్టు, చూద్దాం."

మర్నాడు ఆమె రెండు రకాలూ చేసింది. ఆ వాసనకు చేపల వాళ్ళు వచ్చారు, కూరల వాళ్ళు వచ్చారు, ప్రయూన్‌ది తప్పని అందరూ తీర్పు చెప్పారు. అతను ఒప్పుకోలేదు. మూడోరోజు కూడా తీర్పు కావాలన్నాడు.

అన్నట్టుగానే ఒరతై ఖాళీ సంచులు రెండు పట్టుకుని దిగింది. దుకాణం ముందు బల్లలన్నీ నిండి ఉన్నాయి. లమాయ్ నడుముకు గుడ్డ బిగించి ప్రయూన్ ఫోను వేలితో పొడుస్తోంది.

"పిన్నీ, బయల్దేరదామా?" అంది ఒరతై బిత్తరపోయి.

"ఎక్కడికే? ఈ మనిషి వారాన్ని సోమవారంతో మొదలుపెట్టాలా ఆదివారంతో మొదలుపెట్టాలా అని ఊగుతున్నాడు. నేను కదిలితే నెలలన్నీ కలిపేస్తాడు. కూర్చో, కాఫీ తాగు. చక్కెర ఎక్కువా తక్కువా?"

ఒరతై నావైపు చూసింది. నేను పొంగణాలు తిరగేస్తున్నట్టు నటించాను. సాయంత్రం బస్సుకి ఆ పిల్ల ఒక సంచినిండా కాఫీపొడితో వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒకరోజు గుడికి వెళ్ళాను. అక్కడ వరుసగా ఎనిమిది విగ్రహాలు, పుట్టిన రోజును బట్టి ఎవరి విగ్రహం వాళ్ళది. బుధవారానికి రెండు. నాది మంగళవారం, పడుకుని ఉన్న బుద్ధుడు. ఒత్తి వెలిగించి లేవబోతే, అటు పక్కన ఏనుగూ కోతీ సేవ చేస్తున్న విగ్రహం ముందు ప్రయూన్ మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టుకుంటున్నాడు. అది బుధవారం రాత్రి పుట్టినవాళ్ళది.

"ఏమయ్యా, ఇక్కడ కూడా తప్పు గడిలో కూర్చున్నావా?"

"లేదక్కా, నాది ఇదే. బుధవారం రాత్రే పుట్టాను. నడక రాకముందు నుంచీ మా అమ్మ నన్ను ఈ ఏనుగు దగ్గరికే ఎత్తుకొచ్చేది."

లేవబోయినదాన్ని మళ్ళీ కూర్చున్నాను.

"మరి ఆ ఆకుపచ్చ?"

ప్రయూన్ ఒత్తి సర్దాడు. "ఏర్పాట్లలో పొరపాట్లు జరుగుతుంటాయి కదక్కా."

"గట్టిపాలు పైన?"

"తోంగ్ ఉన్నప్పుడు లమాయ్ రోజుకు ఎన్నిసార్లు తిట్టేదో గుర్తుందా? వాడు పోయాక ఆ తిట్లన్నీ లోపలే ఉండిపోయాయి పాపం. ఎవరో ఒకరి మీద పడాలి."

"ఆ ఐదు వందల ఏళ్ళ లెక్క?"

"అది మాత్రం," అన్నాడు తల గోక్కుంటూ, "నిజంగానే తెలీలేదు."

"ఇక డైరీ రాయడం మొదలుపెడతావా మరి?"

"అప్పుడేనా? పండుగల పేజీలు మొత్తం లమాయ్‌తో దిద్దించాలి. చాలా తప్పులు చెయ్యాలి. నా ఒక్కడికి అన్ని తప్పులు తట్టడం లేదు."

మర్నాడు తెల్లారి బజారులో ఎప్పటిలాగే పీట మీద కూర్చుని ఫోను తీశాడు. "అక్కా, శనివారం ఏ రంగంటావు?"

శనివారం ఊదా రంగు. ఈ బజారులో నా నోట తప్పు మాట వచ్చిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు, ఇక మీదటా అననివ్వను అనుకున్నదాన్ని. అయినా పక్క దుకాణానికి బాగా వినబడేలా గొంతు పెంచి చెప్పాను.

"శనివారమా? తెలుపు!"

పక్కన గరిటె ఠంగుమని కిందపడింది.

"ఇద్దరికీ ఒకేసారి మతి పోయిందా?" అంటూ లమాయ్ బయటికొచ్చింది. మమ్మల్ని తిట్టడానికి చాలాసేపే పడుతుందని ఆమెకు ముందే తెలుసు. వస్తూ వస్తూ మా ఇద్దరికీ చెరో గ్లాసు కాఫీ కూడా తెచ్చింది.