రెండో బటన్ నొక్కండి

కత్తితోనో కర్రతోనో కాదు, ఒకే ఒక్క వాక్యంతో ఆసుపత్రి వార్డంతటినీ గడగడలాడించిన మనిషి గురించి మీరెప్పుడైనా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి. ఆ మనిషిని నేనే.

అప్పట్లో రాయ్‌పూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. మావాళ్లు తయారుచేసినవాటిని ఎలా వాడాలో రాసిపెట్టడం నా ఉద్యోగం. ఒకసారి వైఫై రద్దీని కొలిచే టూల్ నా చేతికొచ్చింది. వైఫై సంకేతాలు చానళ్లనే దారుల్లో నడుస్తాయి. మా ఊరి పండరీ బట్టల బజారు సందుల్లాగే కొన్ని కిక్కిరిసి ఉంటాయి, కొన్ని ఖాళీగా ఉంటాయి. ఏది ఖాళీయో ఈ టూల్ చెబుతుంది.

దానికి రెండు బటన్లు. తయారుచేసిన నిఖిల్ వాటి సంగతి ఫోన్లో గబగబా చెప్పాడు. నేను సమోసా నములుతూ విన్నాను. నొక్కి చూశానా? ఛ! ఈత గురించి రాయడానికి నీళ్లలో దిగాలా ఏమిటి? ‘రద్దీ తెలుసుకోవడానికి రెండో బటన్ నొక్కండి’ అని రాసి, కింద నా పేరు కూడా దర్జాగా పెట్టుకున్నాను.

ఆ టూల్ మొట్టమొదట వెళ్లింది పండరీలోని ఒక నర్సింగ్ హోముకి. అక్కడ హెడ్ నర్సు మా పెద్దమ్మ కరుణమ్మే. ఆ వార్డులో రోగుల గుండె లయ వైఫై మీదుగా నర్సుల బల్ల దగ్గరి తెరకు చేరుతుంది. అప్పుడప్పుడూ గీతలు ఆగి ఆగి వస్తున్నాయని మా టూల్ తెప్పించుకున్నారు. టూల్ చేరిన మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఫోన్.

“ఏమే, ఏం పంపించారే మీవాళ్లు? తెర మీద గీతలన్నీ గాయబ్! జల్దీ రా!”

స్కూటీ మీద ఎలా వెళ్లానో నాకే తెలియదు. ప్రతి మంచం దగ్గరా ఒక నర్సు రోగి మణికట్టు పట్టుకుని నిలబడి ఉంది. రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ నుంచి వచ్చిన అప్పలస్వామి తాత నన్ను చూడగానే అడిగాడు.

“ఏటమ్మా, నా గుండె ఆగిపోనాదేటి?”

“లేదు తాతా, వైఫై ఆగింది.”

“నాకు ఆడతన్నట్టే ఉంది మరి. మరోపాలి సూడండి!”

ఆసుపత్రి కంప్యూటర్లు చూసే వర్మాజీ మా టూల్ ఉన్న లాప్‌టాప్ ముందు చెమటలు కక్కుతున్నాడు. పక్కనే నా కాగితాలు. “మేడమ్, చానల్ ఫుల్ హై. హండ్రెడ్ పర్సెంట్!”

“అయితే చానల్ మార్చండి. రాశాను కదా!” అన్నాను గంభీరంగా.

మార్చాడు. తెర మీద గీతలు లేచాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం. “ఇప్పుడు రద్దీ చూడండి” అన్నాను. రెండో బటన్ నొక్కాడు. గీతలు మాయం. మళ్లీ మార్చాడు, మళ్లీ నొక్కాడు, మళ్లీ మాయం. శని ఇల్లు మారినా వదలదన్నట్టు, మేం ఏ దారి పడితే ఆ దారి క్షణంలో నిండిపోతోంది.

ఇది ఇరుగుపొరుగు చేస్తున్న ద్రోహమని నేను తేల్చేశాను. పక్క బట్టల కొట్లోకి దూసుకెళ్లాను. పెళ్లి చీరలు పరుస్తున్న సేఠ్‌జీతో, “మీ వైఫై వల్ల పేషెంట్లకు ఖతరా! బంద్ కీజియే!” అన్నాను. పాపం, పెద్దమనిషి చీరలు వదిలేసి ప్లగ్గు పీకాడు. అంతటితో ఆగాడా? “బంద్ కరో! అస్పతాల్ మే ఇమర్జెన్సీ హై!” అని అరుస్తూ సందంతా పరిగెత్తి అందరి చేతా పీకించాడు.

యుద్ధం గెలిచినదానిలా తిరిగొచ్చాను. “ఇక నొక్కండి!”

నొక్కాడు. హండ్రెడ్ పర్సెంట్.

అప్పలస్వామి తాతకు భయంతో నాడి పరుగందుకుంది. రోగుల్ని వేరే ఆసుపత్రికి తరలించాలని డాక్టరుగారు అంబులెన్సులకు ఫోన్ చేయబోతున్నారు. పెద్దమ్మ ఓపిక అక్కడితో తెగింది.

“ఇది వచ్చిన కాణ్నుంచే ఈ దరిద్రం! ముయ్యి దీన్ని!” అంటూ లాప్‌టాప్ మూత ఠప్పున వేసేసింది.

తెర మీద ఒక గీత లేచింది. ఇంకొకటి. తర్వాత అన్నీ. వర్మాజీ మెల్లగా మూత తీసి బటన్ నొక్కాడు. గీతలు పడిపోయాయి. మూశాడు. లేచాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వరండాలోకి వెళ్లి నిఖిల్‌కి ఫోన్ చేశాను. “రద్దీ కొలిచేది రెండో బటనే కదా?”

“నహీ దీదీ, కొలిచేది మొదటిది. రెండోది చానల్‌ని చెత్త డేటాతో నింపేస్తుంది, ఎంత భారం మోస్తుందో చూడ్డానికి. క్యోం? ఎవరైనా నొక్కారా?”

కంచె చేను మేసిందంటారు. నా కంచె ఊళ్లో మేకలన్నిటినీ కట్టేయించి మరీ మేసింది!

వర్మాజీ మొదటి బటన్ నొక్కి, ఖాళీ చానల్ చూసి నెట్‌వర్క్ దానికి మార్చాడు. గీతలు నిలకడగా సాగాయి. తాత నాడీ నెమ్మదించింది. సరిగ్గా అప్పుడే సేఠ్‌జీ సందులోని దుకాణదారులందర్నీ వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

“మేడమ్, అంత భీడ్, అంత రద్దీ చేసిందెవరు? పకడా గయా? దొరికాడా?”

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “దొరికింది” అంది.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో బైబిల్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: “స్వయంగా నొక్కి చూడని బటన్ గురించి ఈ జన్మలో ఒక్క అక్షరం రాయను.”

పెద్దమ్మ నా చెయ్యి అక్కడే నొక్కిపట్టింది. “నొక్కు తల్లీ, ఎన్నైనా నొక్కు. మా వార్డులో మాత్రం నొక్కనని కూడా చెప్పు.”

చెప్పాను.