వెనక నడిచే మనిషి

గుంపులో నేను వెనకబడతానా, లేక కావాలనే వెనక ఉండిపోతానా? ఏళ్లుగా ఉన్న అనుమానం ఇది.

ఈ రోజు మా రిక్కార్టన్ పేటలోని తెలుగువాళ్లం కొండెక్కాం. ప్రతి మలుపులోనూ నాకోసం ఆగారు పాపం. నేను ఆయాసపడుతూ చేరేసరికి వాళ్ల అలసట తీరిపోయేది. "వచ్చేశారా అక్కా? ఇంక పదండి!" అంటూ లేచేవాళ్లు. నాకు కూర్చునే వ్యవధి ఉండేది కాదు.

తిరిగొచ్చేటప్పుడు కారు నడుపుతూ, మా గుంపులోని శిరీష చెప్పింది: "మా చిన్నది మీతో నడుస్తానందక్కా. మీకు ఒంటరిగా నడవడం ఇష్టం కదా, నేనే లాక్కొచ్చేశాను. లేకపోతే మీ బుర్ర తినేసేది!"

"మంచి పని చేశావ్" అని నవ్వాను.

మీలో ఇంకెవరైనా ఇలా వెనక నడుస్తారా? శిరీషతో అన్న మాట నిజమో, మర్యాదకు ఆడిన అబద్ధమో నాకింకా తేలలేదు.